ఇంజన్ ఆయిల్ గ్రేడు ఎంపిక: చిక్కదనం, ఉష్ణోగ్రత, ఇంజన్ నిర్మాణం – ఒక సమీక్ష

కారుకు ఏ గ్రేడు ఇంజన్ ఆయిల్ పోయాలన్న ప్రశ్నకు తెలుగు ప్రాంతాల్లో సాధారణంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి. ఎండలు ఎక్కువ కనుక చిక్కని ఆయిల్ కావాలన్నది మొదటిది, బండి పాతబడేకొద్దీ ఒక్కో మెట్టు చిక్కనిదానికి మారాలన్నది రెండోది, సింథటిక్ అయితే ఏదైనా సరిపోతుందన్నది మూడోది. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది; అయితే మూడూ ఇంజన్ లోపల ఆయిల్ చేసే పనిని కాక, బయట కంటికి కనిపించే లక్షణాలను ఆధారం చేసుకున్నవి. ఇంజన్ ఆయిల్ ఎదుర్కొనే ఉష్ణోగ్రతను నిర్ణయించేది ప్రధానంగా బండి నిలిపిన వీధి కాదు, ఇంజనే. అలాగే కంపెనీ మాన్యువల్‌లో ముద్రించే గ్రేడు కూడా కేవలం ఇంజన్ ఆయుష్షును దృష్టిలో ఉంచుకుని రాసినది కాదు. అరుగుదల నుంచి రక్షణ, ఇంధన పొదుపు, ప్రభుత్వ నిబంధనలు అనే మూడింటి మధ్య కుదిరిన రాజీ అది. ఆ రాజీ ఎలా కుదిరిందో తెలిస్తే, ఏ కారుకు మాన్యువల్ మాటను తు.చ. తప్పక పాటించాలో, ఏ వాడకంలో ఒక మెట్టు పైకి జరగడం సబబో వివేచించడం సాధ్యమవుతుంది.

ఆయిల్ పొర ఎలా నిలుస్తుంది

ద్రవంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు ఎదురయ్యే అంతర్గత నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. వాడుకలో దీనికే చిక్కదనం అని పేరు. నడుస్తున్న ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌కూ దాన్ని మోసే బేరింగుకూ మధ్య లోహం లోహాన్ని తాకదు. తిరిగే షాఫ్టు తనతోపాటు ఆయిల్‌ను ఇరుకైన సందులోకి లాక్కుపోవడంతో అక్కడ ఒత్తిడి పుడుతుంది, ఆ ఒత్తిడి మీద షాఫ్టు తేలుతుంది. 1880లలో బ్రిటన్‌లో బీచమ్ టవర్ రైలు బేరింగులపై చేసిన ప్రయోగాల్లో ఈ ఒత్తిడి ఉనికి బయటపడగా, ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో దానికి గణిత రూపం ఇచ్చారు. జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో ప్రచురించిన కొలతల నుంచి రూపొందిన వక్రరేఖ నేటికీ ఈ శాస్త్రానికి ఆధారంగా ఉంది.

ఆ వక్రరేఖ చెప్పే సంగతి గ్రేడు చర్చ మొత్తానికి మూలం. చిక్కదనం, వేగం తగ్గి భారం పెరిగినప్పుడు పొర పలచబడి లోహపు గరుకు కొనలు ఒరుసుకోవడం మొదలవుతుంది, ఘర్షణతోపాటు అరుగుదలా పెరుగుతుంది. చిక్కదనం మరీ ఎక్కువైతే లోహాలు తాకకపోయినా ఆయిల్‌ను ఆయిల్ చీల్చుకుపోవడానికే శక్తి ఖర్చై, ఘర్షణ మళ్లీ పెరుగుతుంది. అంటే అత్యంత తక్కువ ఘర్షణ ఉండే స్థానం, పొర తెగిపోయే ప్రమాదం మొదలయ్యే స్థానానికి చాలా దగ్గరలోనే ఉంటుంది. ఇంధనం ఆదా చేయదలచిన ఇంజనీరు ఆ స్థానానికి చేరువగా వెళ్లాలనుకుంటాడు. ఇంజన్ పదిహేనేళ్లు నడవాలనుకునే యజమాని దానికి కొంత ఎడంగా ఉండాలనుకుంటాడు.

ఒకే ఇంజన్‌లోని భాగాలన్నీ ఒకే రకమైన పొర మీద పనిచేయవన్నది మరో చిక్కు. బేరింగులకు పూర్తి ఆయిల్ పొర కావాలి. క్యామ్‌లు, పిస్టన్ ఒక క్షణం ఆగి వెనుదిరిగే చోట రింగులు మాత్రం పొర దాదాపు తెగిన స్థితిలో పనిచేస్తాయి కనుక, అక్కడ రక్షణ చిక్కదనం కంటే ఎక్కువగా జింకు, ఫాస్ఫరస్ కలిసిన అరుగుదల నిరోధక రసాయనాల మీద ఆధారపడుతుంది. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం, టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ వంటివి ఆయిల్‌ను కందెనగానే కాక ఒత్తిడిని చేరవేసే ద్రవంగా కూడా వాడుకుంటాయి. నిర్దేశించిన చిక్కదనానికి బాగా దూరమైతే అవి స్పందించే తీరు మారుతుంది. అందువల్ల ఎంత చిక్కగా ఉంటే అంత మేలన్న నియమం ఆధునిక ఇంజన్‌కు వర్తించదు.

డబ్బా మీది అంకెలు చెప్పేవి, చెప్పనివి

డబ్బా మీద కనిపించే 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 వంటి గుర్తులు అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఏఈ రూపొందించిన జె300 ప్రమాణానికి చెందినవి. ఇందులో డబ్ల్యూ అన్నది శీతాకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ప్రవర్తనను, వెనుకనున్న అంకె వేడెక్కిన ఇంజన్‌లో దాని ప్రవర్తనను సూచిస్తాయి. రెండూ వేర్వేరు పరీక్షల ఫలితాలే తప్ప ఒకే కొలబద్ద మీది బిందువులు కావు. 5 నుంచి 30కి ఆయిల్ చిక్కబడుతుందన్న అపోహకు తావు లేదు. ఏ ఆయిలైనా వేడెక్కేకొద్దీ పలచబడుతుంది. తేడా పలచబడే వేగంలోనే ఉంది.

చలి గ్రేడుకు రెండు పరీక్షలున్నాయి. ఒకటి స్టార్టర్ మోటారు ఇంజన్‌ను తిప్పగలదా అన్నది, రెండోది పంపు ఆయిల్‌ను పైకి లాగగలదా అన్నది. పంపు పరీక్షను 0డబ్ల్యూ ఆయిల్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద, 5డబ్ల్యూ మైనస్ 35 వద్ద, 10డబ్ల్యూ మైనస్ 30 వద్ద, 15డబ్ల్యూ మైనస్ 25 వద్ద, 20డబ్ల్యూ మైనస్ 20 వద్ద నెగ్గాలి. వేడి గ్రేడును 100 డిగ్రీల వద్ద ఆయిల్ తన బరువుతో తాను జారే వేగాన్ని బట్టి, సెంటీస్టోక్ అనే ప్రమాణంలో నిర్ణయిస్తారు. 20 గ్రేడుకు 6.9 నుంచి 9.3 వరకు, 30కి 9.3 నుంచి 12.5 వరకు, 40కి 12.5 నుంచి 16.3 వరకు, 50కి 16.3 నుంచి 21.9 వరకు హద్దులున్నాయి. గ్రేడు అన్నది ఒక బిందువు కాక ఒక పరిధి అన్నది ఇక్కడ గమనించదగిన విషయం. 12.3 సెంటీస్టోక్‌ల 30 గ్రేడు ఆయిల్, 9.5 సెంటీస్టోక్‌ల మరో 30 గ్రేడు ఆయిల్ కంటే 12.7 సెంటీస్టోక్‌ల 40 గ్రేడు ఆయిల్‌కే దగ్గరి చుట్టం.

బేరింగు లోపలి పరిస్థితికి ఇంతకంటే దగ్గరి కొలత మరొకటుంది. 150 డిగ్రీల వేడిలో, పొరలు ఒకదానిపై ఒకటి అతివేగంగా జారే స్థితిలో, అంటే ఎక్కువ షియర్‌కు గురైనప్పుడు, ఆయిల్‌లో మిగిలే చిక్కదనాన్ని మిల్లీపాస్కల్-సెకన్లలో కొలిచే ఈ పరీక్షను హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. జె300 ప్రకారం ఈ విలువ 16 గ్రేడుకు 2.3కు, 20కి 2.6కు, 30కి 2.9కు, 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 వంటి వాటికి 3.5కు తగ్గకూడదు, 15డబ్ల్యూ-40కి, 50 గ్రేడుకు కనీస విలువ 3.7. అయితే ఐరోపా కార్ల తయారీదారుల సంఘమైన ఏసీఈఏ తన ఏ3/బీ4, సీ3 తరగతులకు గ్రేడుతో నిమిత్తం లేకుండా 3.5 కనీస విలువను విధించింది. ఫలితంగా అంగట్లో పక్కపక్కన ఉన్న రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లో ఒకటి జపాన్, అమెరికా ఇంజన్ల కోసం ఇంధన పొదుపును లక్ష్యంగా చేసుకుని 3.0 పరిసరాల్లో ఉండవచ్చు, మరొకటి జర్మన్ ఇంజన్ల కోసం 3.5కు పైన ఉండవచ్చు. పెద్ద అక్షరాల్లో ముద్రించిన గ్రేడు ఈ తేడాను దాచిపెడుతుంది. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉండే తరగతి, కంపెనీ ఆమోదాల వివరాలే దాన్ని బయటపెడతాయి.

సింథటిక్ వల్ల మారేదేమిటి

చిక్కదనమూ సింథటిక్ గుణమూ వేర్వేరు విషయాలు. ఒకే 5డబ్ల్యూ-30 గ్రేడును ఖనిజ నూనెతోనూ సింథటిక్‌తోనూ తయారు చేయవచ్చు. అమెరికన్ పెట్రోలియం సంస్థ ఏపీఐ మూల నూనెలను ఐదు వర్గాలుగా విభజించింది. ముడిచమురును శుద్ధి చేయగా వచ్చే సాధారణ నూనెలు మొదటి రెండు వర్గాలు. హైడ్రోజన్ సాయంతో అణువుల అమరికనే మార్చి తీసేవి మూడో వర్గం. చిన్న అణువులను కూర్చి తయారుచేసే పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు నాలుగోది. ఎస్టర్లతో సహా మిగిలినవన్నీ ఐదోది. మూడో వర్గాన్ని సింథటిక్ అనవచ్చా అన్న వివాదం మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య తలెత్తగా, 1999లో అమెరికా ప్రకటనల స్వీయ నియంత్రణ విభాగం అనవచ్చనే తేల్చింది. నేడు సింథటిక్ పేరిట అమ్ముడయ్యే ఆయిళ్లలో అధిక భాగం ఈ మూడో వర్గపు నూనెతో తయారవుతున్నవే, చాలా కార్లకు అవి చక్కగా సరిపోతున్నవే.

సింథటిక్ మూల నూనెకున్న అసలు లాభం, ఉష్ణోగ్రత మారినా చిక్కదనం తక్కువగా మారడం. ఈ గుణాన్ని కొలిచే స్నిగ్ధతా సూచికను డీన్, డేవిస్ అనే అమెరికన్ పరిశోధకులు 1929లో ప్రతిపాదించారు. సూచిక తక్కువగా ఉన్న ఖనిజ నూనెతో 5డబ్ల్యూ-40 వంటి విశాలమైన గ్రేడు తయారు చేయాలంటే, వేడిలో విచ్చుకుని చిక్కదనాన్ని నిలబెట్టే పొడవాటి పాలిమర్లను ఎక్కువగా కలపాలి. బేరింగుల మధ్య నలిగి ఆ పాలిమర్లు తెగిపోతే, 40గా ఇంజన్‌లోకి వెళ్లిన ఆయిల్ కొన్ని వేల కిలోమీటర్ల తరువాత 30గా మారుతుంది. మూల నూనెకే సూచిక ఎక్కువగా ఉంటే పాలిమర్ల అవసరం తగ్గి, గ్రేడు ఎక్కువ కాలం నిలుస్తుంది. వేడికి ఆవిరైపోయే వాటా తగ్గడం రెండో లాభం. 250 డిగ్రీల వద్ద గంటసేపు వేడిచేసే నోవాక్ పరీక్షలో అమెరికా, జపాన్ తయారీదారుల ప్రమాణం 15 శాతం నష్టాన్ని అనుమతిస్తుంది. 0డబ్ల్యూ-20 వంటి పలచని ఆయిల్‌ను ఈ హద్దుకు లోబడి ఖనిజ నూనెతో తయారు చేయడం దాదాపు అసాధ్యం కనుకనే అలాంటి గ్రేడులు ఎక్కువగా సింథటిక్‌లుగానే వస్తాయి. అంతమాత్రాన సింథటిక్ అన్న ముద్ర తప్పుడు గ్రేడును సరిచేయదు. 3.5 హెచ్‌టీహెచ్‌ఎస్ కోరే ఇంజన్‌లో 2.6 విలువ గల ఖరీదైన సింథటిక్ పోయడం కంటే, తగిన చిక్కదనం ఉన్న సాధారణ ఆయిల్‌ను త్వరత్వరగా మార్చుకోవడమే క్షేమం.

గ్రేడులు ఎందుకు పలచబడ్డాయి

ఒకప్పుడు భారతీయ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఆయిళ్లు సర్వసాధారణం. నేడు అదే దేశంలో అమ్ముడయ్యే కొత్త పెట్రోల్ కార్లలో 0డబ్ల్యూ-20 మామూలైపోయింది. ఈ ప్రయాణానికి మొదటి ప్రేరణ ఇంధన చట్టాలు. అమెరికా 1975లో చట్టం చేసి, 1978 నమూనా కార్ల నుంచి ప్రతి కంపెనీ కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు విధించింది. 2001 నమూనాల్లో ఫోర్డ్, హోండా కంపెనీలు 5డబ్ల్యూ-20ను విస్తృతంగా సిఫారసు చేశాయి. ఎస్‌ఏఈ 2013లో 16 గ్రేడును, 2015లో 12, 8 గ్రేడులను ప్రమాణంలో చేర్చింది. 2018 నమూనా టయోటా కామ్రీ నాలుగు సిలిండర్ల ఇంజన్ 0డబ్ల్యూ-16తో అమెరికాలో విడుదలైంది. భారతదేశంలోనూ 2017-18 నుంచి సగటు ఇంధన వినియోగ నిబంధనలు అమల్లోకి వచ్చి, 2022-23లో మరింత బిగిశాయి.

ఒక గ్రేడు తగ్గించడం వల్ల ఒక కారుకు కలిసొచ్చే ఇంధనం శాతం, రెండు శాతాల స్థాయిలోనే ఉంటుంది. సగటు యజమానికి అది గుర్తించలేనంత స్వల్పం. లక్షల కార్లు అమ్మి ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సిన కంపెనీకి మాత్రం అది చాలా విలువైనది. ఒకే ఇంజన్‌కు అమెరికా మాన్యువల్ ఒకే గ్రేడును నిర్దేశిస్తుండగా, ఇతర దేశాల మాన్యువల్ మూడు నాలుగు గ్రేడులతో పట్టిక ఇవ్వడం తరచుగా కనిపించే విషయం. లోహం మారకపోయినా లెక్క చెప్పాల్సిన ప్రభుత్వం మారడమే ఇందుకు కారణం. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 సూచించే టయోటా అమెరికా మాన్యువళ్లలోనే, అధిక వేగంతో లేదా తీవ్రమైన భారంతో నడిపే బండికి ఇంతకంటే చిక్కని గ్రేడు నప్పవచ్చునన్న వాక్యం కూడా ఉంటుంది.

ఇందులో కుట్ర వెతకడం కూడా పొరపాటే. పలచని గ్రేడుల కోసం తయారీదారులు బేరింగు పైపూతలను, షాఫ్టుల నునుపును, ఆయిల్ పంపుల తీరును మార్చారు. అవసరాన్ని బట్టి ప్రవాహాన్ని పెంచి తగ్గించే పంపులు అందులో భాగమే. 0డబ్ల్యూ-20తో రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ఇంజన్లు ఎన్నో రోడ్ల మీద తిరుగుతున్నాయి. పలచదనం తగ్గించేది ఇంజన్ ఆయుష్షును కాదు, పొరపాట్లను తట్టుకునే మిగులును. అమెరికాలో జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో 2021–2024 నమూనాల 6.2 లీటర్ల వీ8 ఇంజన్లున్న సుమారు ఆరు లక్షల బండ్లను వెనక్కి పిలిచిన ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ మూల లోపం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది. అయితే తనిఖీలో నెగ్గిన ఇంజన్లకు కంపెనీ ఇచ్చిన పరిష్కారం 0డబ్ల్యూ-20 స్థానంలో 0డబ్ల్యూ-40 పోయడం. పలచని ఆయిల్ లోపాన్ని సృష్టించలేదు. లోపం ఉన్నచోట చిక్కని పొర కొంత అండ ఇస్తుందని ఆ నిర్ణయం ఒప్పుకుంది.

ఎండ, చలి, ఇంజన్ లోపలి వేడి

రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. దాన్నిబట్టి పలచని ఆయిల్ అక్కడ నీళ్లలా మారుతుందన్న భయం సహజం. లెక్క వేరుగా ఉంది. 40 డిగ్రీల వద్ద 64, 100 డిగ్రీల వద్ద 11 సెంటీస్టోక్‌లు ఉండే ఒక సాధారణ 5డబ్ల్యూ-30 సింథటిక్‌ను తీసుకుంటే, అది 20 డిగ్రీల వద్ద సుమారు 160, 45 డిగ్రీల వద్ద సుమారు 53 సెంటీస్టోక్‌లు ఉంటుంది. అంటే మండుటెండలో నిలిపి ఉంచిన కారును స్టార్ట్ చేసే క్షణంలో కూడా ఆయిల్, ఇంజన్ పనిచేసే వేడిలో ఉండాల్సినదానికంటే దాదాపు ఐదు రెట్లు చిక్కగానే ఉంటుంది. తెలుగు నేల మీద ఏ ఋతువులోనైనా స్టార్ట్ చేసేటప్పుడు ఎదురయ్యేది ఆయిల్ మరీ పలచనైన సమస్య కాదు, ఎంతో కొంత చిక్కనైన సమస్యే.

ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను థర్మోస్టాట్ 90 డిగ్రీల పరిసరాల్లో ఉంచుతుంది, మామూలు నడకలో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య తిరుగుతుంది. బయట 25 డిగ్రీలున్నా 45 ఉన్నా రేడియేటర్ మీద పని పెరగడమే తప్ప, ఆరోగ్యంగా ఉన్న కూలింగ్ వ్యవస్థలో ఆయిల్ వేడి అదే నిష్పత్తిలో పెరగదు. ఆయిల్‌ను నిజంగా వేడెక్కించేవి నిండా జనంతో, సామానుతో తిరుమల వంటి ఘాట్ రోడ్లు ఎక్కడం, ఎక్స్‌ప్రెస్ వే మీద గంటల తరబడి అధిక వేగం, ట్రైలర్ లాగడం, ఎండలో ఏసీ నడుస్తుండగా బంపర్ నుంచి బంపర్ వరకు సాగే నగర ట్రాఫిక్. పైన చెప్పిన 5డబ్ల్యూ-30 ఆయిలే 115 డిగ్రీలకు చేరితే సుమారు 8.2 సెంటీస్టోక్‌లకు, అంటే 100 డిగ్రీల వద్ద 0డబ్ల్యూ-20 ఉండే చిక్కదనానికి దిగుతుంది. స్థూలంగా ఆయిల్ వేడిలో 15 డిగ్రీల తేడా ఒక గ్రేడు తేడాకు సమానం. గ్రేడును పెంచాలా వద్దా అన్న ప్రశ్నకు వాతావరణ సూచన కంటే ఈ లెక్కే మెరుగైన కొలబద్ద.

ముందు అంకె విషయానికి వస్తే, ఆదిలాబాద్ చలికాలపు ఉదయాల్లోనూ, సున్నాకు చేరువయ్యే లంబసింగిలోనూ 15డబ్ల్యూ ఆయిల్ సైతం పంపుకు అందుతుంది. కనుక స్టార్ట్ అవుతుందా లేదా అన్న అర్థంలో ఇక్కడ 0డబ్ల్యూకీ 5డబ్ల్యూకీ తేడా లేదు. ప్రవాహం ఎంత త్వరగా పై భాగాలకు చేరుతుంది, వేడెక్కేలోపు ఎంత ఇంధనం వృథా అవుతుంది అన్నవాటిలో తేడా ఉంది. 20 డిగ్రీల హైదరాబాద్ ఉదయాన ఒక 20డబ్ల్యూ-50 ఆయిల్ సుమారు 500 సెంటీస్టోక్‌లు ఉంటుంది. 5డబ్ల్యూ-30 అంత చిక్కబడాలంటే ఉష్ణోగ్రత సున్నాకు చేరాలి. మైనస్ 25కు దిగే మినసోటాలోనో కెనడాలోనో స్థిరపడిన తెలుగువారికి మాత్రం ముందు అంకె విలాసం కాదు, ఇంజన్ తిరగడానికే అవసరం. అక్కడ 0డబ్ల్యూ, 5డబ్ల్యూ తప్ప మరొకటి తగదు.

కారు రకాన్ని బట్టి ఎంపిక

టర్బో లేని సాధారణ పెట్రోల్ కార్లు ఆయిల్ మీద తక్కువ ఒత్తిడి పెడతాయి. మారుతీ సుజుకీ, హోండా, టయోటా కంపెనీల ఇటీవలి చిన్న ఇంజన్లు 0డబ్ల్యూ-20 లేదా అంతకంటే పలచని గ్రేడు కోసం రూపొందినవి; వాటికి మాన్యువల్‌లోని మొదటి గ్రేడే తగినది. మాన్యువల్ అనుమతిస్తే, ఎక్కువ భారంతో తిరిగే ట్యాక్సీకి 5డబ్ల్యూ-30 ఎంచుకోవడంలో తప్పు లేదు. అదే ఇంజన్ సీఎన్‌జీతో నడిచినప్పుడు ఇంధనం ఆయిల్‌లో కలిసి పలచన చేసే సమస్య ఉండదు. అయితే దహన వేడి వల్ల ఆయిల్ ఆక్సీకరణం చెంది కాలక్రమంలో చిక్కబడే ధోరణి ఉంటుంది కనుక, గ్రేడు పెంచడం కంటే మార్పిడి గడువును పాటించడం ముఖ్యం.

ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు ఆయిల్‌కు కఠిన పరీక్ష. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, సిలిండర్ గోడ మీద పడిన పెట్రోల్ ఆయిల్‌లోకి జారి దాన్ని పలచన చేస్తుంది. తక్కువ వేగంలో ఎక్కువ భారం పడినప్పుడు ఇంధనం నిప్పురవ్వకు ముందే అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టే ఎల్‌ఎస్‌పీఐ అనే ఉపద్రవం ఈ ఇంజన్లకే ప్రత్యేకం. కాల్షియం ఆధారిత శుద్ధి రసాయనాలు దాన్ని ప్రేరేపిస్తాయని తేలడంతో, వాటిలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చిన ఆయిళ్లు వచ్చాయి. 2018 నాటి ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020 నాటి ఎస్‌పీ, 2025 నాటి ఎస్‌క్యూ తరగతులు ఈ పరీక్షను చేర్చుకున్నాయి. ఇక్కడ గ్రేడు కంటే తరగతికే ప్రాధాన్యం. పాత ఎస్‌ఎల్, ఎస్‌ఎం తరగతికి చెందిన చిక్కని ఆయిల్ ఈ ఇంజన్‌కు రక్షణ కాదు, ముప్పు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరిగే ఇంజన్లలో కంపెనీ ఆమోదం లేని ఆయిల్ పోస్తే ఆ బెల్టు రబ్బరే దెబ్బతినవచ్చు.

డీజిల్ కార్లలో నిర్ణయాన్ని శాసించేది పొగగొట్టంలోని మసి వడపోత యంత్రం, అంటే డీపీఎఫ్. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ఉద్గార నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త డీజిల్ కార్లలో ఇది తప్పనిసరి భాగంగా స్థిరపడింది. ఆయిల్‌లోని లోహ రసాయనాలు కాలితే మిగిలే బూడిద ఆ వడపోతలో శాశ్వతంగా పేరుకుపోతుంది కనుక, బూడిద వాటాను ఏసీఈఏ సీ2, సీ3 తరగతులు 0.8 శాతానికి పరిమితం చేస్తాయి. ఏ3/బీ4లో ఇది 1.6 శాతం వరకు ఉండవచ్చు. పాత ట్రక్కులకు వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్‌ను బీఎస్-6 కారులో పోస్తే ఇంజన్ నడుస్తుంది గాని, ఖరీదైన వడపోత ముందుగా మూసుకుపోతుంది. పేరుకున్న మసిని కాల్చడానికి అదనపు డీజిల్ చిమ్మే ప్రక్రియ పొట్టి ప్రయాణాల్లో మధ్యలోనే ఆగిపోతే, ఆ డీజిల్ ఆయిల్‌లో చేరి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. పెరిగిన మట్టాన్ని శుభసూచకంగా భావించకూడదు. అది ఆయిల్ పలచబడిందనడానికి గుర్తు, దాన్ని వెంటనే మార్చాలి.

హైబ్రిడ్ కార్లలో ఇంజన్ ఆగుతూ, తిరుగుతూ ఉండటం వల్ల ఆయిల్ తరచుగా పూర్తి వేడికి చేరదు; చల్లని ఆయిల్‌లో ఘర్షణ తగ్గించడమే ప్రధానం కనుక 0డబ్ల్యూ-16 వంటి గ్రేడులు ఇక్కడ నిజంగా అర్థవంతం. దీనికి పూర్తిగా అవతలి కొసన వేగం కోసం నిర్మించిన కార్లున్నాయి. ఈ46 తరానికి చెందిన బీఎండబ్ల్యూ ఎం3 నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే ఇంజన్‌కు 10డబ్ల్యూ-60ను, నిస్సాన్ జీటీ-ఆర్ 0డబ్ల్యూ-40ను కోరతాయి. ఫోర్డ్ మస్టాంగ్ ఐదు లీటర్ల ఇంజన్ ఉదాహరణ మరింత బోధప్రదం. సాధారణ జీటీకి 5డబ్ల్యూ-20 సూచించిన అదే కంపెనీ, ఆ ఇంజన్ కుటుంబానికే చెందిన, రేసు ట్రాక్ కోసం తీర్చిన 2012 బాస్ 302కు 5డబ్ల్యూ-50ను సూచించింది. జర్మన్ కార్లలో గ్రేడు కంటే కంపెనీ ఆమోద సంఖ్యకే విలువ: ఫోక్స్‌వాగన్ 504 00/507 00 సంఖ్య 3.5కు పైబడిన హెచ్‌టీహెచ్‌ఎస్‌ను హామీ ఇస్తుంది, 508 00/509 00 సంఖ్య గల 0డబ్ల్యూ-20 ఆయిల్‌ను పాత ఇంజన్లలో పొరపాటున పోయకుండా గుర్తించడానికి ఆకుపచ్చ రంగుతో తయారు చేస్తారు.

పాత కార్ల విషయంలో వయసునూ నిర్మాణాన్నీ వేరుగా చూడాలి. వెడల్పు సందులతో, చిక్కని ఆయిల్ కోసమే నిర్మితమైన పద్మిని తరం ఇంజన్‌కు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 నేటికీ సరైనవే. క్యామ్‌ల రక్షణకు జింకు రసాయనం తగినంత ఉన్న ఆయిల్ వాటికి కావాలి. కొత్త తరం ఇంజన్ లక్ష కిలోమీటర్లు దాటినంత మాత్రాన ఆ కోవలోకి చేరదు. ద్విచక్ర వాహనాలకు ప్రత్యేక హెచ్చరిక అవసరం: క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బైకుల్లో ఘర్షణ తగ్గించే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, అందుకే వాటికి జేఏఎస్‌ఓ ఎంఏ గుర్తున్న ఆయిల్‌నే ఎంచుకోవాలి.

గ్రేడు మార్చదగిన సందర్భాలు

మాన్యువల్ పట్టికలో లేని గ్రేడుకు జరగడానికి మూడు కారణాలే నిలబడతాయి: ఎక్కువసేపు అధిక భారంతో లేదా వేగంతో నడపడం, ఇంధనం కలిసి ఆయిల్ పలచబడుతున్నట్లు రుజువు కావడం, మార్పిడికీ మార్పిడికీ మధ్య ఆయిల్ మట్టం గణనీయంగా తగ్గుతూ ఉండటం. ఈ మూడింటిలోనూ ఒక మెట్టు పెంపు చాలు, అంటే 20 నుంచి 30కి, లేదా 30 నుంచి 40కి. ఇంజన్ చప్పుడు ఎక్కువగా ఉందనో, మెకానిక్ వేళ్ల మధ్య రుద్ది చూసి పలచబడిందన్నాడనో రెండు మూడు మెట్లు దూకడం చప్పుడును మూసిపెట్టవచ్చు గాని కారణాన్ని తొలగించదు. వేళ్ల మధ్య రుద్దిన ఆయిల్ 35 డిగ్రీల చిక్కదనాన్ని చెబుతుంది, నల్లరంగు అది మురికిని పట్టుకుంటోందని చెబుతుంది. రెండూ 100 డిగ్రీల స్థితిని చెప్పలేవు. ప్రయోగశాలలో వాడిన ఆయిల్‌ను పరీక్షించి చిక్కదనాన్ని, ఇంధనం వాటాను, ఇనుము, సీసం వంటి లోహపు రేణువులను కొలిపించడమే నమ్మదగిన ఆధారం. వారంటీ కాలంలో పట్టికకు బయటి గ్రేడు వాడితే దావా తిరస్కరణకు అవకాశం ఇచ్చినట్టే కనుక, ఆ నిర్ణయాన్ని సర్వీస్ సెంటర్ చేత రాతపూర్వకంగా నమోదు చేయించుకోవడం వివేకం.

ఈ పరిశీలన మొత్తం నుంచి ఎంపికకు ఒక క్రమం ఏర్పడుతుంది. మొదట ఇంజన్ కోరే తరగతి లేదా కంపెనీ ఆమోదం చూడాలి, ఎందుకంటే ఎల్‌ఎస్‌పీఐ, డీపీఎఫ్, మునిగిన బెల్టు వంటి వాటి విషయంలో ఇక్కడ జరిగే తప్పును ఏ గ్రేడూ సరిదిద్దలేదు. తరువాత మాన్యువల్ అనుమతించే గ్రేడుల్లో వెనుక అంకెను బండి మోసే భారాన్ని బట్టి, ముందు అంకెను ఆ ఊళ్లోని అత్యంత చల్లని ఉదయాన్ని బట్టి నిర్ణయించాలి. సింథటిక్ రకం, బ్రాండు, ధర చివరగా పరిగణించాల్సినవి. రోజుకు ముప్పై కిలోమీటర్లు ఆఫీసుకు తిరిగే చిన్న పెట్రోల్ కారుకు కంపెనీ చెప్పిన 0డబ్ల్యూ-20ను మించింది లేదు. మాన్యువల్ రెండు గ్రేడులను అనుమతించే ఇంజన్‌తో వేసవిలో ఎనిమిది మందిని ఎక్కించుకుని ఘాట్లు ఎక్కే బండికి ఆ పట్టికలోని చిక్కని కొస మేలు. ఈ రెండు నిర్ణయాలూ ఒకే సూత్రం నుంచి పుట్టినవే. పలచని గ్రేడును తిరస్కరించే అలవాటుకూ, ఎప్పటికీ పలచనిదే ఉత్తమమన్న ప్రచారానికీ లేనిది ఆ సూత్రమే: ఆయిల్‌ను ఎంచుకోవాల్సింది బండి చేసే పనిని బట్టి.